గ్రెగోరియన్ గానం విచారణలో ఎక్కడ మొదలుపెట్టాలి

గ్రెగోరియన్ గానం అంటే కతోలిక పూజలోని లాటిన్ మాటలను అందరూ ఒకే వరుసలో, తాళం లేకుండా పాడే పాత పద్ధతి. దాన్ని నేర్చుకుందామని ఒక విచారణ (ఒక గుడి కిందికి వచ్చే కతోలిక సంఘం) గాయక బృందం అనుకుంటే చాలాచోట్ల జరిగేది ఒకటే. ఎవరో ఒక రికార్డింగు వినిపిస్తారు, అందరికీ నచ్చుతుంది, అందులో ఉన్న పాటనే పాస్కా (ఈస్టర్) పండుగకి పాడాలని పట్టుబడతారు. ఆ రికార్డింగులో పాడినవాళ్లు మఠవాసులు. రోజుకి ఐదారుసార్లు గుడిలో కలిసి పాడడమే వాళ్ల జీవితం. ఎంచుకున్న పాట తరచుగా గ్రాదువాలె (పఠనాల మధ్య పాడే పాట) కోవకి చెందినదై ఉంటుంది. అందులో ఒక్క అచ్చు మీదే ఇరవై ముప్ఫై స్వరాలు తిరుగుతాయి. నెలరోజులు కష్టపడతారు. పండుగనాడు శ్రుతి జారుతుంది, మధ్యలో ఇద్దరు ఆగిపోతారు, జనం బిక్కమొహం వేసుకుని చూస్తారు. "ఇది మనవల్ల అయ్యేది కాదు" అన్న మాటతో ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. ఇందులో గొంతుల తప్పు లేదు, జనం తప్పు అంతకన్నా లేదు. మొదలుపెట్టిన చోటే తప్పు.

సరైన చోటు ఏదో 1967 మార్చి 5న రోము వెలువరించిన 'మూసికామ్ సాక్రామ్' అనే నిర్దేశ పత్రం స్పష్టంగా చెప్పింది. పాడవలసిన భాగాలను అది మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టు గురువుకీ (పూజ జరిపే ఫాదరుగారికీ) ప్రజలకీ మధ్య జరిగే సంభాషణ: ఆరంభ వందనం, సువిశేషం దగ్గర జవాబులు, కృతజ్ఞతా స్తుతికి ముందు వచ్చే పిలుపూ బదులూ, పరిశుద్ధుడు గీతం, పరలోక జపం, చివర్లో ప్రజలను సాగనంపే మాటలు. రెండో మెట్టు 'ప్రభువా దయచూపుము', మహిమ గీతం, 'దేవుని గొర్రెపిల్ల', విశ్వాస సంగ్రహం. ప్రవేశ గీతం, అర్పణ గీతం, దివ్యసత్ప్రసాద గీతం మూడో మెట్టులో ఉన్నాయి. మొదటి మెట్టు లేకుండా మిగతా రెండూ పాడకూడదని కూడా ఆ పత్రం అంటుంది.

మన విచారణల్లో ఈ వరుస సరిగ్గా తలకిందులుగా ఉంది. ప్రవేశ గీతానికి కీబోర్డు, తబలా, నాలుగు మైకులు. ఆ వెంటనే గురువు "ప్రభువు మీతో ఉండునుగాక" అని మామూలుగా చదువుతారు, జనం మామూలుగా బదులు చెబుతారు. పాట పూజకి ముందూ వెనకా అతికించిన అలంకారంగా మిగిలిపోతుంది. గ్రెగోరియన్ గానం పుట్టిందే దీనికి భిన్నమైన ఆలోచనలో. అక్కడ పూజలోని మాటనే పాడతారు. పూజ జరుగుతుండగా పాట విడిగా వినిపించడం ఉండదు.

అందుకే మొదటి విద్యార్థి గురువే. "దొమినుస్ వొబిస్కుమ్", "సుర్సుమ్ కొర్దా" (మనసులు పైకెత్తండి) లాంటి పిలుపులు మూడు నాలుగు స్వరాల్లో ముగుస్తాయి. 2002 నాటి లాటిన్ పూజా గ్రంథం మూడో ముద్రణలో ఇవన్నీ స్వరాలతో సహా పూజాక్రమంలోనే అచ్చయ్యాయి. సంగీతం రాని గురువైనా వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున కూర్చుంటే నెలలో ఇవి వచ్చేస్తాయి. గాయక నాయకుడు పక్కనుంచి మెల్లగా మొదటి స్వరం అందిస్తే చాలు. అది కూడా కీబోర్డు మీద పెద్దగా కొట్టకుండా గొంతుతో అందించడం మేలు. గురువు పాడితే జనం పాడతారు. ఆయన చదివి, బృందం ఒక్కటే పాడితే జనం ప్రేక్షకులవుతారు.

లాటిన్ అనగానే వెనక్కి వెళ్లిపోవడమని కొందరు బాధపడతారు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన దైవార్చన రాజ్యాంగాన్ని తెరిస్తే ఆ బాధ తగ్గుతుంది. మాతృభాషకు తలుపు తెరిచింది ఆ పత్రమే. తమకు చెందిన పూజాభాగాలను ప్రజలు లాటిన్‌లో కూడా కలిసి పాడగలిగేలా చూడాలని 54వ పేరాలో అన్నదీ, ఇతర పరిస్థితులు సమానమైనప్పుడు గ్రెగోరియన్ గానానికి ప్రథమస్థానం ఇవ్వాలని 116వ పేరాలో అన్నదీ అదే. స్థానిక సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవం ఇవ్వాలని 119వ పేరా చెబుతుంది. కాబట్టి ఈ గానం కోసం తెలుగు కీర్తనలను గుడిలోంచి గెంటవలసిన పని లేదు. గెంటితే అది మహాసభ మాటకే విరుద్ధం. 1974లో ఆరవ పౌలు పోపుగారు 'యూబిలాతె దెఒ' అనే చిన్న పుస్తకాన్ని ప్రపంచంలోని పీఠాధిపతులందరికీ పంపారు. ప్రతి విచారణ కనీసం ఈ కొన్ని పాటలైనా ఎరిగి ఉండాలన్నది ఉద్దేశం. అందులో ఎంపిక చేసిన 'సాంక్తుస్' (పరిశుద్ధుడు గీతం), 'ఆన్యుస్ దెఇ' (దేవుని గొర్రెపిల్ల) 18వ పూజావరుసలోవి. పూజావరుస అంటే పూజలో మాటలు మారని పాటలకు అంకె ఇచ్చి కూర్చిన బాణీల కట్ట. రెండూ అతి సులువైనవి. ఆ సాంక్తుస్ కృతజ్ఞతా స్తుతి నడిచే స్వరాల్లోనే నడుస్తుంది. గురువు స్తుతి పాడి ఆపగానే జనం అదే దారిలో అందుకోవచ్చు, కొత్త శ్రుతి వెతుక్కోనక్కరలేదు.

మాటలు ముందు, స్వరాలు తర్వాత

సాధనలో మొదటి పది నిమిషాలు పాడకూడదు, చదవాలి. గ్రెగోరియన్ గానానికి తాళం లేదు, ఆవర్తనం లేదు. మాట నడకే లయ. మాట నోట్లో నలగకముందే స్వరం ఎక్కిస్తే ప్రతి అక్షరమూ సుత్తిదెబ్బలా పడుతుంది. క్రమం ఇలా ఉండాలి: అర్థం తెలుసుకుని చదవడం, తర్వాత ఒకే స్వరం మీద చదవడం, ఆ తర్వాతే వరుస.

ఉచ్చారణలో తెలుగువారికి ఒక వరం ఉంది, దాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు. లాటిన్‌లోని త, ద శబ్దాలు మన దంత్యాలే. ఇంగ్లీషు బడి అలవాటు వల్ల బృందాలు 'డొమినస్' అని పాడతాయి. పలకవలసింది 'దొమినుస్'. చివరి అక్షరం కూడా 'అస్' కాదు, నిండైన 'ఉస్'. 'ఆగ్నస్' అంటే తప్పు, 'ఆన్యుస్' అనాలి. 'పాసెమ్' కాదు, 'పాచెమ్'. 'ఎక్సెల్సిస్' కాదు, 'ఎక్‌షెల్సిస్'. 'గ్రాటియా' కాదు, 'గ్రాత్సియా'. 'మిహి' అని రాసి ఉన్నా 'మికి' అనే పలకాలి. ఇంగ్లీషు లిపిలో కాగితం పంచితే ఈ తప్పులు తప్పవు. తెలుగు లిపిలో రాసి పంచితే సగం తప్పులు ఆ రోజే పోతాయి.

అయితే తెలుగు లిపిలో ఒక ఉచ్చు ఉంది. లాటిన్ 'ఆ' నోరు బాగా తెరిచి పలకాలి. మనం 'అ' అని రాస్తే నోరు సగమే తెరుచుకుంటుంది. 'ఆ' అని రాస్తే దీర్ఘం తీసి రెండు మాత్రలు పాడేస్తారు. దీనికి మందు: దీర్ఘంతోనే రాసి, "ఇక్కడ దీర్ఘం నోటి వెడల్పుకే గానీ కాలానికి కాదు" అని మొదటిరోజే చెప్పడం. ఎ, ఒ మాత్రం హ్రస్వాలుగానే రాయాలి. ఊనిక పడే (మాటలో ఒత్తి పలికే) అక్షరం కింద పెన్సిలుతో గీత పెట్టాలి. తెలుగు మాటలో ఊనికకి పెద్ద పని లేదు కాబట్టి మన గొంతు దాన్ని పట్టించుకోదు. లాటిన్‌లో ఆ ఒక్క అక్షరాన్ని కాస్త ఎత్తి పట్టుకుంటేనే వాక్యం నడుస్తుంది.

అర్థం విషయంలో మనకి ఇంకో సుళువు ఉంది. లాటిన్‌కి మనలాగే విభక్తులున్నాయి. దొమినుస్ అంటే ప్రభువు, దొమినుమ్ అంటే ప్రభువును, దొమినొ అంటే ప్రభువుకు, దొమినె అంటే ఓ ప్రభూ. బోర్డు మీద ఈ నాలుగూ రాసి చూపిస్తే పదో తరగతి పిల్లలు కూడా అరగంటలో పట్టేస్తారు. ప్రతి పాట కింద మాటకి మాటగా తెలుగు అర్థం అచ్చువేయాలి. అర్థం తెలియని పాటని నాలుగు వారాల తర్వాత ఎవరూ మనసుపెట్టి పాడరు.

ఒక కీర్తన వరుస, దగ్గరగా

ఎనిమిది కీర్తన వరుసల్లో ఎనిమిదోదాన్ని తీసుకుందాం. చాలామందికి ఇదే తేలిక. 'దో'ని మన 'స'గా పెట్టుకుంటే వరుస ఇంతే: ఎత్తుగడ ప ద స. తర్వాత వాక్యం ఎంత పొడవున్నా తారస్థాయి 'స' మీదే చదువుతూ పోవాలి. మధ్య విరామం దగ్గర ఊనిక అక్షరానికి రి, మళ్లీ స. రెండో సగంలో తిరిగి స మీద చదివి, చివర్లో ని స ద ప. చివరి ఊనిక 'ద' మీద పడాలి, దానికి ముందున్న రెండు అక్షరాలకి ని, స రావాలి.

117వ కీర్తన మొదటి చరణం: లౌదాతె దొమినుమ్ ఒమ్నెస్ జెన్తెస్, లౌదాతె ఎఉమ్ ఒమ్నెస్ పొపులి. లౌ-దా-తె మీద ప-ద-స. 'దొమినుమ్ ఒమ్నెస్' అంతా స. 'జెన్' రి, 'తెస్' స. ఇక్కడ ఒక నిండు శ్వాస తీసుకునేంత నిశ్శబ్దం. రెండో సగంలో 'ఒమ్' ని, 'నెస్' స, 'పొ' ద, 'పులి' రెండక్షరాలూ ప.

శ్రుతిపెట్టె 3వ శ్రుతికి పెడితే మొదటి స్వరం 'ప' దానితో కలిసిపోతుంది, చదివే 'స' 6వ శ్రుతి దగ్గరకి వస్తుంది. మగవాళ్లకీ, పై స్థాయిలో ఆడవాళ్లకీ ఇబ్బంది లేని ఎత్తు ఇది. గ్రెగోరియన్ స్వరలిపిలో స్థిరమైన శ్రుతి లేదు. పైన పాడలేకపోతే దించుకోవడం తప్పేమీ కాదు.

ఇదే వరుస తెలుగు కీర్తనకి కూడా సరిపోతుంది, కానీ చాలామంది వేసే పద్ధతిలో కాదు. చివరి నాలుగక్షరాలు లెక్కపెట్టి స్వరాలు అతికిస్తే ఎత్తవలసిన స్వరం వెళ్లి 'పు', 'డు' లాంటి క్రియ తోకల మీద పడి వాక్యం కుంటుతుంది. తెలుగులో ఊనికకి పని లేదు గానీ ఛందస్సులో గురులఘువులున్నాయి. పాదంలో ఆఖరి అక్షరం కాని చివరి గురువు ఏదో చూసి, దాన్ని లాటిన్ ఊనిక స్థానంలో పెట్టాలి. "సకల జాతులారా, ప్రభువును స్తుతింపుడు, సర్వ ప్రజలారా, ఆయనను కీర్తింపుడు" అన్న చరణం చూడండి. 'సకల' మీద ప-ద-స. మొదటి సగంలో చివరి గురువు 'తిం', దానికి రి, 'పుడు'కి స. రెండో సగంలో చివరి గురువు మళ్లీ 'తిం', దానికి ద. దాని ముందున్న 'ను'కి ని, 'కీర్'కి స. 'పుడు' ప మీద వాలుతుంది. 'పొపులి' ఎలా వాలిందో అచ్చం అలాగే. భక్తి కీర్తన పాడేవాళ్లు ముందురోజు పెన్సిలుతో ఈ గురువులు గుర్తు పెట్టుకుంటే పాడుతున్నప్పుడు తడబాటు ఉండదు.

ఏం చెడుతుంది, ఎందుకు చెడుతుంది

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది తాళం అలవాటు. కీబోర్డులో రిథమ్ ఆన్ చేస్తే గ్రెగోరియన్ గానం అక్కడికక్కడే ఆగిపోయినట్టు. కాలితో తాళం వేయడం, చేత్తో తొడ మీద కొట్టడం కూడా ఆపాలి. నాయకుడు చెయ్యి కొట్టకుండా గాలిలో వాక్యం పొడవునా ఒక అలలా నడపాలి.

రెండోది గమకం. కర్ణాటక సంగీతం నేర్చిన గొంతు ని, గ స్వరాలను ఊరికే నిలబెట్టదు, ఊపుతుంది. పదిమంది పది రకాలుగా ఊపితే ఒకే గొంతుగా వినిపించదు. సరళీ స్వరాలు నేర్చుకున్న మొదటి రోజుల్లోలా నిటారుగా పాడమనాలి. స్వరస్థానాలు మాత్రం వాళ్లకి ముందే తెలుసు. ఈసారి పాట ముగిసే స్వరాన్ని 'స'గా పెట్టుకుంటే, రే మీద ముగిసే మొదటి, రెండో వరుసల్లో ఖరహరప్రియ స్వరాలు, మూడు నాలుగులో హనుమతోడి, ఐదు ఆరులో మేచకల్యాణి (మధ్యమం దిగితే శంకరాభరణం), ఏడు ఎనిమిదిలో హరికాంభోజి. స్వరాలు దొరకబుచ్చుకోవడానికి ఇది చక్కగా పనికొస్తుంది. రాగంగా పాడడానికి మాత్రం కాదు. సంచారాలు వేరు, ప్రాణం వేరు.

శ్రుతి జారడం అందరికీ వచ్చే జబ్బు. ఒకే స్వరం మీద పొడుగ్గా చదివేటప్పుడు గొంతు బద్ధకిస్తుంది. ప్రతి మాటకీ స్వరాన్ని కొత్తగా పైనుంచి అందుకుంటున్నట్టు అనుకుంటే నిలుస్తుంది. దిగేటప్పుడు చిన్న అడుగులు, ఎక్కేటప్పుడు పెద్ద అడుగులు వేయాలి. సాధనలో శ్రుతిపెట్టె అంతా మోగనివ్వండి. మూడో వారం నుంచి మధ్యలో ఆపి, చివర మళ్లీ వేసి చూస్తే ఎంత జారారో వాళ్లకే తెలుస్తుంది.

ఇక మైకులు. ఎనిమిది మంది పాడుతుంటే నాలుగు మైకులు నోటికి ఆనించి పెట్టడం మన గుళ్లలో మామూలు. అప్పుడు వినిపించేది బృందం కాదు, నాలుగు విడి గొంతులు. ఒకే మైకు, నాలుగైదు అడుగుల దూరంలో, అర్ధచంద్రాకారంలో నిలబడిన బృందానికి మధ్యలో ఉంచాలి. మిక్సర్ మీద ఎకో పూర్తిగా తీసేయాలి. పక్కవాడి గొంతు తన గొంతు కన్నా కాస్త ఎక్కువగా వినిపిస్తుంటేనే సరైన స్థాయిలో పాడుతున్నట్టు.

సాగదీయడం పెద్ద బృందాల సమస్య. పవిత్రంగా ఉండాలంటే మెల్లగా పాడాలన్న భ్రమ దీనికి మూలం. మంచి పాఠకుడు వేదిక మీద చదివే వేగమే పాట వేగం. స్వరలిపిలో కనిపించే చిన్న అడ్డుగీత దగ్గర శ్వాస తీయనక్కరలేదు. అది ఒక చిన్న పదాల గుంపు ముగిసిందని చెప్పే గుర్తు మాత్రమే. సగం గీత దగ్గర చిన్న శ్వాస, పూర్తి గీత దగ్గర నిండు శ్వాస. నక్షత్రం గుర్తు వరకు ఒక్కరే పాడాలి, ఆ తర్వాత అందరూ అందుకోవాలి.

చదరపు స్వరలిపి చూసి బెదిరిపోతారు గానీ సరిగమ వచ్చినవాళ్లకి ఇది అయిదు గీతల పాశ్చాత్య లిపి కన్నా తేలిక. నాలుగే గీతలు. చాలా పాటల్లో మొదట్లో ఉన్న గుర్తు 'దో' ఏ గీత మీద ఉందో చెబుతుంది, అదే 'స'. మిగతావి లెక్కపెట్టుకోవడమే. ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు చదరాలుంటే కిందిది ముందు. పక్కన చుక్క ఉంటే ఆ స్వరం రెట్టింపు. వరుస చివర కనిపించే సన్నటి సగం గుర్తు తర్వాతి గీతలో మొదటి స్వరం ఏదో ముందే చెబుతుంది. గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, 'ఉత్ రె మి' పేర్లు 11వ శతాబ్దపు గ్విదొ ద అరెత్సొ నుంచి వచ్చాయి. ఆయన తాపత్రయమూ పిల్లల బృందానికి కొత్త పాట తొందరగా నేర్పడమే.

లయ గురించి రెండు బడులున్నాయి. ఫ్రాన్సులోని సొలెమ్ మఠంలో మొక్కెరో స్వామి 20వ శతాబ్దం ఆరంభంలో చుక్కలూ గీతలూ చేర్చి స్థిరపరచిన పద్ధతి ఒకటి. అదే మఠానికి చెందిన కార్దీన్ స్వామి 10వ శతాబ్దపు చేతిరాతల్లోని గుర్తులను చదివి చూపించిన పద్ధతి ఇంకొకటి. 1979లో వచ్చిన 'గ్రాదువాలె త్రిప్లెక్స్' ఆ పాత గుర్తులను చదరపు స్వరాల పైనా కిందా అచ్చువేసింది. రెండోదే లోతైనది. కానీ కొత్త బృందానికి మొదటిదే నయం. అందరూ ఒకేచోట ఆగడానికి కంటికి కనిపించే గుర్తు కావాలి. రెండేళ్ల తర్వాత చర్చించుకోవచ్చు.

ఒక ఏడాది ఎలా గడపాలి

బృందం ఆరుగురితో మొదలైనా చాలు. వారానికి గంట సాధన ఉంటే అందులో ఇరవై నిమిషాలు గ్రెగోరియన్‌కి, మిగతాది ఎప్పటి పాటలకి. పాత పాట దేన్నీ మొదటి ఏడాది తీసేయవద్దు. జనానికి ఇష్టమైన ప్రవేశ గీతం పోయిన చోట వచ్చిన లాటిన్ పాటని ఎవరూ క్షమించరు. అందుకే ఖాళీగా ఉన్న చోట్లు, చదివి దాటేస్తున్న చోట్లు నింపాలి.

పాస్కాకి ముందు వచ్చే తపస్సు కాలం మొదలుపెట్టడానికి బాగుంటుంది. ఆ రోజుల్లో వాద్యాలు పాటకి ఆసరాగా మాత్రమే వాడాలని నియమం ఉంది కాబట్టి గుడి ముందే నిశ్శబ్దంగా ఉంటుంది. మొదటి ఆదివారం నుంచి 18వ వరుసలోని ఆన్యుస్ దెఇ ఒక్కటే. మూడో ఆదివారం సాంక్తుస్ కలపాలి. అన్ని ఆదివారాలూ అవే, మార్చకూడదు. బృందానికి విసుగొచ్చే సమయానికే జనానికి వరుస పట్టుబడుతుంది. పాస్కా కాలంలో పూజ ముగిశాక 'రెజీనా చేలి' అనే మరియమ్మ గీతం, దాని సరళ వరుసలో. పెంతెకోస్తు తర్వాత దాని చోట 'సాల్వె రెజీనా'. సామాన్య కాలంలో 16వ పూజావరుసలోని కిరియె ('ప్రభువా దయచూపుము'). మహిమ గీతం రెండో ఏడాది మాటే. అప్పుడైనా అందరూ కోరే 8వ వరుస కన్నా 15వది ముందు పెట్టడం మంచిది. కొద్ది స్వరాల్లో కీర్తనలా నడుస్తుంది కాబట్టి జనం అందుకోగలరు. 8వ వరుస మహిమ గీతం వినడానికి అందరికీ నచ్చుతుంది, అతి ప్రాచీనమని కూడా అనుకుంటారు. నిజానికి అది 16వ శతాబ్దపుది. దానితో కలిపి పాడే మూడో విశ్వాస సంగ్రహం 17వ శతాబ్దపుది.

దివ్యసత్ప్రసాదం వేళ బృందం ఒక ఆంతిఫొనా (పల్లవిలాంటి చిన్న పాట) పాడి, మధ్యమధ్య కీర్తన చరణాలు పైన చెప్పిన వరుసలో తెలుగులోనే పాడవచ్చు. నడుస్తున్నవాళ్ల చేతికి పుస్తకం అక్కరలేదు. ఎంతమంది ఉంటే అన్ని చరణాలు, వరుస అయిపోగానే ఆపవచ్చు. నాలుగు చరణాల సినిమా బాణీ పాటని సగంలో తుంచినట్టు ఉండదు.

చివరిగా నేర్చుకోవలసిన పాట ఒకటుంది, కానీ పూర్తిగా నోటికి వచ్చాకే బయటపెట్టాలి: 'ఇన్ పారాదిసుమ్'. భౌతికకాయాన్ని గుడిలోంచి బయటికి తీసుకువెళ్లేటప్పుడు పాడేది. "దేవదూతలు నిన్ను పరలోకానికి తోడుకొని పోవుదురుగాక" అని దాని మొదటి మాట. పాడేవాళ్లు శవపేటిక వెనక నడుస్తూ ఉంటారు. కాగితం పట్టుకునే వీలుండదు, మైకు ఉండదు, శ్రుతి ఇచ్చేవాళ్లు ఉండరు. ఇద్దరు గట్టి గొంతులు ముందు నడవాలి, మిగతావాళ్లు వాళ్ల వెనకే దగ్గరగా ఉండాలి. ఎండలో, దుమ్ములో, ఏడుపుల మధ్య వరుస తప్పకుండా సాగాలంటే ఎత్తు తక్కువలో పెట్టుకుని, మామూలు నడక వేగానికి మించకుండా పాడాలి. స్మశానం దూరమైతే మొదటి నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు.